మనవాళ్లు కలిసే రోజు: విజయనగరం తమ్ముడికి ఒక ఉత్తరం

శ్రీకాకుళం

తమ్ముడూ,

నువ్వు సర్వీసు నుంచి దిగి విజయనగరంలో స్థిరపడ్డావని, ఈసారి నేవీలో సబ్‌మెరీన్ల మీద చేసి దిగిన మనవాళ్లని కూడగట్టే పని నువ్వే చూసుకుంటానన్నావని తెలిసి చాలా సంతోషించాను. మరదలు, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఎలా చెయ్యాలో రాయమన్నావు. టెంటు, కుర్చీలు, భోజనాల సంగతి ఎవరైనా చెబుతారు. నేను రాయాలనుకున్నది మన పరాచికాల గురించి. అవి కుదిరితే ఇచ్ఛాపురం నుంచి కూడా తెల్లారకుండా బయల్దేరి వస్తారు. అవి చెడితే ఎంత గొప్ప భోజనం పెట్టినా మరుసటి ఏడాది సగం మంది కనబడరు.

ముందు తేదీ. 1967 డిసెంబరు 8న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో, మన మొదటి సబ్‌మెరీన్ కల్వరి నౌకాదళంలో చేరింది. మన పండగ ఆ రోజే. డిసెంబరు 4 నేవీ డేతో కలిపి ఒకేసారి కానిచ్చేద్దామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకు. నేవీ డే అందరిదీ. విశాఖ బీచ్‌లో విన్యాసాలు పెడితే వెళ్లి జనంతో పాటు చూసొద్దాం. 8 మాత్రం మనకే ఉండాలి. పనిరోజు పడితే తర్వాతి ఆదివారం పెట్టు. 15 ఏళ్ల సర్వీసుతో బయటికొచ్చి బ్యాంకుల్లో, రైల్వేలో చేరినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి సెలవు దొరకదు.

చోటు విషయంలో ఒకటే మాట: ఫంక్షన్ హాలు వద్దు. రణస్థలం, చిలకపాలెం చుట్టుపక్కల మనవాళ్లవి మామిడి తోటలున్నాయి, ఒకటి అడుగు. హాలంటే స్టేజీ ఉంటుంది, స్టేజీ ఉంటే మైకు, మైకుంటే ఉపన్యాసాలు. ఒకడు మాట్లాడుతుంటే అరవై మంది గడియారం చూసుకోవడమే అవుతుంది. చెట్టు కింద నాలుగేసి కుర్చీలు వేస్తే వాటంతట అవే గుంపులు కడతాయి, నోళ్లు లేస్తాయి. మనకు కావలసింది అదే.

నువ్వు తర్వాత వచ్చిన సింధు బోట్ల మీద, అంటే సింధుఘోష్ రకం సబ్‌మెరీన్ల మీద చేసినవాడివి. కల్వరి లాంటి మా పాత సోవియట్ రకం ఫాక్స్‌ట్రాట్ బోటు మీద బతుకు ఎలా ఉండేదో కథలుగా వినే ఉంటావు. 91 మీటర్ల పొడవు, 75 మంది మనుషులు. ఆ పొడవులోనే మూడు డీజిల్ ఇంజన్లు, బ్యాటరీలు, ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో ట్యూబులు. వాటి మధ్య మిగిలిన జాగా మనిషిది. ఒకడు వాచ్ డ్యూటీకి లేచి వెళితే ఆ బంక్ చల్లారకముందే ఇంకొకడు వచ్చి పడుకునేవాడు. నీళ్లు కొలిచి వాడాలి. చొక్కాకీ, అన్నానికీ, నిద్రకీ డీజిల్ వాసనే. అక్కడ ఒకడి మీద ఒకడికి కోపం వస్తే తలుపు వేసుకుని కూర్చునే వీలు లేదు. బయటికి నడిచి వెళ్లే వీలు అసలే లేదు. అందుకే ఆ కోపాన్ని నవ్వులోకి మార్చుకోవడం నేర్చుకున్నాం. పొద్దున్న నా సబ్బు ఎత్తుకుపోయినవాణ్ణి మధ్యాహ్నం మెస్‌లో అందరి ముందూ ఏడిపిస్తే లెక్క సరిపోయేది, రాత్రికి మళ్లీ ఇద్దరం ఒకే డబ్బాలోంచి జంతికలు తినేవాళ్లం. కొత్త కుర్రాడికి ఎవరైనా పేరు పెట్టి వెక్కిరించారంటే వాణ్ణి మనలో కలుపుకున్నారని అర్థం. ఎవరూ ఏమీ అనకపోతేనే వాడికి దిగులు పట్టుకునేది.

ఈ అలవాటుని దిగిపోయాక కూడా బతికించుకోవాలంటే కొంచెం చూసుకుంటూ ఉండాలి. కొన్ని గొడవలు ప్రతి ఏడూ జరగాల్సిందే, వాటిని ఆపకు. ఫాక్స్‌ట్రాట్ వాళ్లకీ మీ సింధు వాళ్లకీ మధ్యది అలాంటిదే. 1986 నుంచి వచ్చిన మీ బోట్లు తక్కువ చప్పుడు చేస్తాయని మీ గొప్ప. మమ్మల్ని ‘మ్యూజియం సరుకు’ అంటారు. మావాళ్లు వెంటనే, ‘ఔను, మా కుర్సురా చూడ్డానికి ఆర్కే బీచ్‌లో జనం టికెట్టు కొని లైన్లో నిలబడతారు, మీ బోటు చూడ్డానికి ఎవడొస్తాడ్రా’ అంటారు. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన బోటు అది, 2002లో మ్యూజియం అయింది. మనవళ్లని తీసుకుని వెళ్లినప్పుడు లోపలి గుండ్రటి తలుపుల దగ్గర ఎవడి పొట్ట ఎంత ఇబ్బంది పెట్టిందో ఫొటోతో సహా గ్రూపులో పెడతారు. పెట్టనీ. దాని మీద నెల రోజులు నడుస్తుంది.

ఇంజను రూం వాళ్లకీ, నీళ్లలో చప్పుళ్లు వినే సోనార్ వాళ్లకీ ఉన్న పేచీ ఇంకా పాతది. జీవితమంతా డీజిల్ ఇంజన్ల పక్కన నిలబడిన ఒక చీఫ్ ఉన్నాడు, పాలకొండ వైపు ఊరు. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి మిషను. మన సోనార్ అతను ఎప్పుడొచ్చినా ఆయన కుడి పక్కనే కుర్చీ లాక్కుంటాడు. ఎవరైనా జోకు వేస్తే, వంగి ఆ చెవిలో మళ్లీ చెబుతాడు. చెప్పి, ‘నా చెవులు వాడుకుంటున్నావు, అద్దె ఎప్పుడిస్తావు?’ అంటాడు. ఆయన జేబులోంచి రెండు చాక్లెట్లు తీసి చేతిలో పెడతాడు. దీన్ని బయటివాళ్లు చూస్తే చెవిటివాణ్ణి ఎగతాళి చేస్తున్నారనుకుంటారు. అందరూ నవ్వాక ఆలస్యంగా నవ్వే పరిస్థితి ఆయనకు రానివ్వకుండా ఆ మనిషి చూసుకుంటున్నాడు. ఏడిపించేవాడు ఆ పక్క కుర్చీలో కూర్చోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి తమ్ముడూ. దూరం నుంచి రాయి వేసి పోయేవాణ్ణి నువ్వే పక్కకు పిలిచి చెప్పు.

జబ్బుల మీద జోకులు జబ్బున్నవాడే మొదలుపెట్టాలి. ఉద్దానం నుంచి వచ్చేవాళ్ల ఇళ్లలో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నవాళ్లు ఉండొచ్చు, అక్కడ ఊరికే నోరు జారకూడదు. రాని ప్రమోషన్లు, కుదరని పెళ్లిళ్లు, పిల్లల ఉద్యోగాలు, కులం, పార్టీలు, వీటి జోలికి ఎవరు వెళ్లినా వెంటనే మాట తిప్పెయ్. ఇంకొకటి ఉంది. విశాఖలో మన సబ్‌మెరీన్ శిక్షణ కేంద్రం సాతవాహనలో, మునిగిన బోటులోంచి బయటపడే ఎస్కేప్ ట్రైనింగ్ నాడు ఎవడు వణికాడో, మొదటి డైవ్‌లో ఎవడి మొహం పాలిపోయిందో మనలో మనకు తెలుసు. భార్యాపిల్లల ముందు ఆ సంగతి ఎత్తకూడదు. నీళ్ల కింద భయపడనివాడు లేడు, కొందరిది బయటికి కనిపించింది, అంతే. 2013 ఆగస్టు 14న ముంబైలో పేలి మునిగిన సింధురక్షక్ సబ్‌మెరీన్‌తో పాటు పోయిన 18 మంది మాట వచ్చినప్పుడు కూడా పరాచికం వద్దు. భోజనాలకు ముందు అందరం లేచి ఒక నిమిషం నిలబడతాం, అది మరిచిపోకు.

వాట్సాప్ గ్రూపు నీ చేతికే వస్తుంది. గుడ్ మార్నింగ్ పువ్వులు, ఫార్వర్డ్‌లు ఆపెయ్. లోతులు, వేగాలు, ఏ బోటు ఎక్కడ తిరిగింది, ఇవి ఇప్పటికీ మాట్లాడకూడనివే. తోటలో వీడియోలు తీసేవాళ్లకి కూడా ఈ మాట ముందే చెప్పు. ఆ పైన ఎంత తిట్టుకున్నా తిట్టుకోనీ. నువ్వు మాత్రం ఎవరు జవాబివ్వడం మానేశారో చూస్తూ ఉండు. తిట్టినా తిరిగి తిట్టనివాడి ఇంట్లో ఏదో జరిగిందని లెక్క.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా. వజ్రపుకొత్తూరు వైపు మనవాడొకడికి కొబ్బరి తోట. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఫోన్లు వచ్చాక ఎవరో అలవాటుగా, ‘ఏరా, బొండాలు అడుగుతామని ఫోన్ కట్టేసుకున్నావా?’ అని పెట్టారు. మామూలుగా అయితే వాడు నలుగురి తాతల్ని తలుచుకునేవాడు. ఆ రోజు ‘బాగున్నాను అన్నా’ అని మాత్రం వచ్చింది. ఆ ముక్క చూడగానే విజయనగరం వాళ్లు జనరేటరు వ్యాన్‌లో వేశారు, మేము బియ్యం, టార్పాలిన్లు, రంపం మిషను పట్టుకుని బయల్దేరాం. వెళ్లేసరికి ఇంటి ముందు చెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉన్నాయి, వాడు అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ ఓదార్పు మాట మాట్లాడలేదు. జనరేటరు వేసి బోరు ఆడించారు, దారికి అడ్డం ఉన్న మానుల్ని కొయ్యడం మొదలుపెట్టారు. కాసేపటికి వాడు లేచొచ్చి, ‘టార్పెడో వాడి చేతికి మిషను ఎవడిచ్చాడ్రా, కాలు కోసుకుంటాడు’ అని లాక్కున్నాడు. అప్పటికి గానీ మాకు ఊపిరి ఆడలేదు. సాయం ఏం చెయ్యాలో ఎవరూ అడగక్కర్లేకుండా తెలిసింది, ఆ ఒక్క మర్యాద మాట వల్లే.

పోయినవాళ్ల ఇళ్లకి ఫోన్ కాదు, మనిషి వెళ్లి పిలవాలి. వదినలని ఆడవాళ్ల వరసలో విడిగా కూర్చోబెట్టకండి, మన గుంపులోనే కుర్చీ వెయ్యండి. ఆయన బోటు మీద చేసిన అల్లరి అంతా పిల్లలకు చెప్పండి. మనం ఇళ్లలో బోటు మాట ఎత్తేవాళ్లం కాదు, తమ నాన్న అంత నవ్వించేవాడని చాలామంది పిల్లలకు తెలియదు. భోజనాలకు ముందు ఒక గంట మన పెన్షన్ల ఆన్‌లైన్ పద్ధతి స్పర్శ్ తెలిసిన కుర్రాణ్ణి ఒక చెట్టు కింద కూర్చోబెట్టు. ఫ్యామిలీ పెన్షన్ చిక్కులు, లైఫ్ సర్టిఫికెట్లు, వైద్యానికి వాడే ఈసీహెచ్ఎస్ కార్డులు అక్కడే చూస్తాడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పనులుంటే రాసుకుని తర్వాత నువ్వు వెంట తిరుగు.

మందు భోజనాల ముందు గంటసేపు, తర్వాత సీసాలు డిక్కీలోకి. హైవే మీద ఇంటికి వెళ్లాలి. నీళ్ల పైన తిరిగే ఓడల మీద చేసిన నేవీ స్నేహితులు వస్తామంటే రమ్మను, మనవాళ్లు వాళ్లని వదలరు, వాళ్లకీ తెలుసు. నీకంటే చిన్నవాళ్లు ‘సార్’ అంటూ మూలన నిలబడితే మెస్ పని అప్పజెప్పు, వడ్డిస్తూ తిరిగితే అన్ని గుంపులూ తగులుతాయి.

నా డైరీలో నంబర్లన్నీ ఆదివారం నీకు పంపిస్తాను. పాలకొండ చీఫ్‌కి సాయంత్రం ఆరు దాటాక చెయ్యి, అప్పుడే మిషను పెట్టుకుంటాడు. మన పాత కుక్ టెక్కలిలో ఉంటున్నాడు. ఆయన కిచిడీని తిట్టకుండా తిన్నవాడు మా బోటు మీద లేడు. క్యాటరింగ్ వాడికి చెప్పే ముందు ఆయన ఇంటికి వెళ్లి, కిచిడీ మాత్రం మీరే వండాలని అడుగు. మోకాళ్లు నొప్పులంటాడు. గరిటె తిప్పడానికి ఇద్దరు కుర్రాళ్లని ఇస్తానను, ఒప్పుకుంటాడు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య