ఊళ్లోనే ఉంటానన్నది అమ్మ నిర్ణయం

ప్రశ్న: మాది ప్రత్తిపాడు వైపు ఒక పల్లె. పెళ్లయినప్పటి నుంచి విజయవాడలో ఉంటున్నాను. నాకు ఏడేళ్లప్పుడు నాన్న పోయారు. అమ్మ మిరప కోతలకు, పత్తి తీతలకు కూలికి వెళ్లి, ఎకరం కౌలుకు చేసి, గేదెను మేపి అన్నయ్యనీ నన్నూ పెంచింది. నాకు పాప పుట్టినప్పుడు ఐదు నెలలు ఇక్కడే ఉండి చేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తెచ్చుకున్నా నెల తిరక్కముందే ‘ఇక్కడ నాకు ఊపిరాడట్లేదే, బస్సెక్కించు’ అనేది. పోయినేడాది ఉగాది ముందు గుండెపోటు వచ్చింది. గుంటూరు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. కడసారి మాట కూడా దక్కలేదు. బలవంతంగానైనా నా దగ్గర ఉంచుకుంటే బతికేదేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టదు. సంవత్సరీకం దగ్గర పడుతోంది. అన్నయ్య ఫ్లెక్సీలు, ఊరందరికీ భోజనాలు అంటున్నాడు. నాకు నచ్చక మాటామాటా పెరిగింది. మా పాపకు పన్నెండేళ్లు. అమ్మమ్మ పేరెత్తితే లేచి గదిలోకి వెళ్లిపోతోంది. అమ్మ చివరిసారి పెట్టిన ఆవకాయ జాడీ అలాగే ఉంది. తీయలేను, పడేయలేను. ఏం చేయాలి?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న గురించే మాట్లాడుకుందాం అమ్మా. విజయవాడలో ఉంటే బతికేదా? ఆ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పెద్దాసుపత్రి పక్క వీధిలో ఉన్నవాళ్లనూ గుండెపోటు తీసుకుపోతుంది. కానీ ఆమె ఊళ్లో ఎందుకు ఉందన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘బస్సెక్కించు’ అని అడిగింది ఆవిడే. ముప్పై ఏళ్ల పైగా తన ఇంటికి తానే పెద్దగా బతికిన మనిషి. ఎకరం ఎవరి దగ్గర కౌలుకు తీసుకోవాలో, గేదెను ఎప్పుడు అమ్మాలో, మిమ్మల్ని ఎంతవరకు చదివించాలో అన్నీ తనే తేల్చుకుంది. ఎక్కడ ఉండాలో కూడా అలాగే తేల్చుకుంది. మీరు ఆ మాటకు విలువిచ్చారు. తలుపు వేసి ఫ్లాట్‌లో ఉంచేసుకుని ఉంటే ఈరోజు మీ బాధ ఇంకో రకంగా ఉండేది.

మన దగ్గర తల్లి పోగానే అందరూ ‘త్యాగమూర్తి’ అంటారు. గౌరవంతోనే అంటారు, అందులో నిజమూ ఉంది. కానీ ఆ మాట ఒక్కటే మిగిలితే పిల్లలకు అప్పు మాత్రమే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. తీర్చలేని అప్పు కాబట్టి నిద్ర పట్టదు. మీ ఉత్తరంలో అమ్మ చేసిన కష్టమంతా ఉంది. ఆవిడకు దేనికి నవ్వొచ్చేది, ఎవరి మీద కోపమొచ్చేది, సాయంత్రం అరుగు మీద ఎవరితో కూర్చునేది, ఇవేవీ లేవు. నాకు అవి తెలుసుకోవాలని ఉంది. మీ పాపకు కూడా అవే కావాలి.

అందుకే సంవత్సరీకానికి ముందు ఒక పూట ఊరికి వెళ్లండి. బంధువుల కంటే ముందు అమ్మతో కోతలకు వెళ్లిన ముఠాలో ఆడవాళ్లను కలవండి. మిరప కోతలంటే మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే నెత్తికి గుడ్డ చుట్టుకుని చేలో దిగడం, సాయంత్రానికి వేళ్లు భగ్గుమనడం, ఆ చేత్తో కళ్లు తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకోవడం. తర్వాత కళ్లంలో కూర్చుని తాలు కాయలు ఏరుతూ గంటల తరబడి కబుర్లు. మీకు చెప్పని విషయాలు అమ్మ అక్కడ చెప్పుకుని ఉంటుంది. ఆ వయసువాళ్లను ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అని అడగండి, అది 1977 నవంబరు. రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటికి ‘నేను పుట్టానా’ అని అడగండి, అది 1983. డ్వాక్రా గ్రూపులో ఎప్పుడు చేరింది, వేలిముద్ర మాని సంతకం ఎప్పుడు నేర్చుకుంది అని అడగండి. ఒక ఆనవాలు దొరికితే దాని చుట్టూ పదేళ్ల సంగతులు వాటంతటవే బయటికొస్తాయి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి, వాళ్లకు చెప్పే పెట్టండి. అమ్మ మొండితనం గురించి, ఎవరితోనో మాటలు మానేసిన సంగతి గురించి చెబితే ఆపకండి. చిన్నబుచ్చినట్టు అనుకోకండి. అవి విన్నప్పుడే అమ్మ మళ్లీ నిండుగా కనిపిస్తుంది.

పాపను కూడా తీసుకెళ్లండి. పన్నెండేళ్ల పిల్లలకు చావంటే ఏమిటో పూర్తిగా తెలుసు. లేచి వెళ్లిపోవడం అంటే ప్రేమ లేక కాదు. ఆ మాట వస్తే అమ్మ ఏడుస్తుందని భయపడే పిల్లలను చాలామందిని చూశాను. మీరు ఏడుస్తూ అయినా సరే, ‘నాకు అమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తోంది, కాసేపటికి తగ్గుతుంది, నీ వల్ల కాదు’ అని ఒక్కసారి చెప్పండి. మాట్లాడమని బలవంతపెట్టొద్దు. రికార్డింగ్ పని తనకు అప్పజెప్పండి. చేతిలో పని ఉంటే పిల్లలు పక్కనే ఉండగలుగుతారు. తను వినడమే చాలు.

ఇక జాడీ. తీయండి. ఏడాది పొడవునా ఇంటిల్లిపాదీ తినాలనే ఏ తల్లైనా ఆవకాయ పెడుతుంది. వాసెన విప్పి చూడండి. నూనె పైకి తేలి బాగుంటే వేడన్నంలో కలిపి పాపకు ముద్దలు పెట్టండి, అన్నయ్యకు ఒక సీసా పంపండి. బూజు పట్టి ఉంటే మొహమాటం లేకుండా పారేసి జాడీ కడిగి ఎండలో పెట్టండి. వచ్చే వేసవిలో మీరు అందులోనే పెట్టొచ్చు. ఉప్పు, కారం, ఆవపిండి అమ్మ ఏ కొలతలో వేసేదో ముఠా ఆడవాళ్లలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది, అది కూడా అడిగి రాసుకోండి.

అన్నయ్య విషయంలో మీరు కొంచెం తగ్గాలి. ఏడవలేనివాళ్లు చాలామంది ఏర్పాట్లలో పడతారు. ఫ్లెక్సీ మీకు ఆర్భాటం, ఆయనకు అమ్మ ఫొటో ఊరంతా చూడటం. అప్పు చేసి మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పండి, ఆ విషయంలో మీ మాట నిలబడాలి. ఊరికి భోజనాలు పెట్టాలనుకుంటే పెట్టనివ్వండి. అమ్మతో పనిచేసిన ఆడవాళ్లను ఇంటికెళ్లి స్వయంగా పిలుద్దామని, మొదటి బంతిలో వాళ్లను కూర్చోబెట్టి మనిద్దరం వడ్డిద్దామని అడగండి. కాదనే అన్న ఉంటాడనుకోను.

నిద్ర గురించి మాత్రం అశ్రద్ధ చేయకండి. తల్లి పోయాక ఏడాదైనా కళ్లు చెమర్చడం మామూలే, పండగకో పెళ్లికో దుఃఖం ముంచుకురావడమూ మామూలే. కానీ ఆరు నెలలు దాటాక కూడా రోజంతా అదే ఆలోచనగా ఉండి, వంట, ఉద్యోగం, పిల్లల చదువు ఏదీ సాగకపోతే, అది చికిత్స అవసరమైన స్థితి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనూ దాన్ని అలాగే చేర్చారు. మీరు ఆ స్థితిలో ఉన్నారో లేదో ఉత్తరం చూసి చెప్పలేను. వారంలో ఎన్ని రాత్రులు నిద్ర పట్టడం లేదో, తిండి ఎలా ఉందో కాగితం మీద రాసుకుని సైకియాట్రిస్ట్‌నో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి. వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే ముందు 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి వేళ కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ‘నేనూ ఉండకపోతే బాగుండు’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఫోన్ చేసి మీవారిని లేపి చెప్పండి.