పాలు, పెరుగు లేని వంటిల్లు

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆరు నెలల కిందట మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసింది. వీగన్ అట. రోజూ పప్పు, చారు, ఏదో ఒక వేపుడు చేస్తున్నాను. 'మళ్లీ ఇదేనా అమ్మా' అని సగం తిని లేచిపోతోంది. బాదం పాలు, టోఫూ రోజూ కొనే స్తోమత లేదు. పెరుగన్నం లేని భోజనం నాకు ఊహకే అందడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ తల్లి, ఆల్వాల్

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చిందమ్మా. మా చిన్న కోడలు పెళ్లయి వచ్చేనాటికే వీగన్. మొదటి నెలంతా పాలకు బదులేంటి, నెయ్యికి బదులేంటి అని నేనూ వెతుక్కున్నాను. ఆ వెతుకులాట మానేశాకే మా వంట దారిలో పడింది. మన కూరలకు కమ్మదనం ఇచ్చే నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి మీ డబ్బాల్లో ఉండనే ఉన్నాయి. ఇక మార్చాల్సింది పులుపు. అదే కందిపప్పులో ఇవాళ గోంగూర, ఎల్లుండి మామిడికాయ వేయండి. ఎండాకాలంలో మోండా మార్కెట్‌కు చింతచిగురు వస్తే అస్సలు వదలకండి.

ఈ ఆదివారం బగారా బైంగన్ చేసి పెట్టండి. పావుకిలో లేత వంకాయలకు రెండు చెంచాల పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఒక చెంచా ఎండుకొబ్బరి కోరు చాలు. మూడూ విడివిడిగా వేయించాలి. పల్లీలకు టైం పడుతుంది, నువ్వులు నిమిషంలో మాడతాయి. మూకుడులో చిటపటమంటూ ఒకటీ అరా గింజ బయటికి ఎగరగానే స్టవ్ కట్టేయండి. ముదురు రంగు వచ్చేదాకా ఆగితే ఆ చేదు కూరంతా పట్టేస్తుంది. వేయించిన ఉల్లిపాయతో కలిపి మెత్తగా రుబ్బి, చింతపండు రసం పోసి, నూనెలో మగ్గిన వంకాయలు వేసి, అంచుల్లో నూనె తేలేదాకా సన్నటి సెగ మీద ఉంచండి. వంకాయలకు బదులు బజ్జీ మిరపకాయలు వేస్తే అదే సాలన్. కొందరు సాలన్‌లో పెరుగు కలుపుతారు, అవసరం లేదు.

తీరిక లేని రోజున పచ్చి పులుసు. మాది వరంగల్ కాబట్టి నాకు దీని మీద మమకారం ఎక్కువ. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పుతో కలిపి నీరూరేదాకా చేత్తో పిసకాలి. పల్చటి చింతపండు రసం, వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర, పైన తాలింపు. మరిగించే పనే లేదు. ముద్దపప్పుతో కలిపి పెడితే అమ్మాయి గిన్నె ఖాళీ చేస్తుంది.

టోఫూ కొనలేనని బాధపడకండి. మీల్‌మేకర్ చవక. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, కచ్చాపచ్చాగా దంచి, అల్లం వెల్లుల్లి, పుదీనాతో ఖీమాలా వండండి. అలసందలు, శనగలు, ఉలవలు కూడా వారంలో తిరుగుతూ ఉండాలి.

పెరుగు సంగతి. కప్పు పల్లీలు ఆరు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో రుబ్బి వడకట్టండి. పచ్చి వాసన పోయేదాకా కలుపుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక కడిగిన పచ్చిమిర్చి తొడిమలు ఆరేడు వేసి రాత్రంతా వదిలేయండి. మొదటిసారి పల్చగానే తోడుకుంటుంది. అందులోంచి చెంచాడు తీసి మళ్లీ తోడేస్తే గట్టిపడుతుంది. ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టి అన్నంలో కలిపితే మా కోడలికి పండగే.

పాలు లేవని కాల్షియం గురించి భయపడుతున్నారేమో. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. రాగి జావ, నువ్వుల పొడి రోజూ ఇవ్వండి. బి12 మాత్రం వంటతో తీరదు, మొక్కల నుంచి వచ్చే తిండిలో అది దొరకదు. డాక్టరుకు చూపించి, రక్త పరీక్ష చేయించి, మాత్ర ఎంత వేసుకోవాలో అడగండి. దీన్ని వాయిదా వేయొద్దమ్మా, నరాల మీద దెబ్బ పడుతుంది. పిల్ల సన్నబడితే అదీ చెప్పండి.

ప్రశ్న: కొబ్బరి పాలతో బెల్లం పాయసం చేస్తే విరిగిపోతోంది. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఎల్బీ నగర్

జవాబు: చిక్కటి కొబ్బరి పాలు మరిగితే విరుగుతాయి. రెండోసారి పిండిన పల్చటి పాలలో బియ్యం ఉడికించి, కరిగించి వడకట్టిన బెల్లం పాకం కలిపి దించేయండి. కాస్త వేడి తగ్గాక చిక్కటి పాలు, యాలకుల పొడి వేయండి. జీడిపప్పు కొబ్బరినూనెలో వేయించుకోవచ్చు.