ఏ ఐసీ అని అడుగుతున్నారు, ముందు గెయిన్ సంగతి చూడండి

ప్రశ్న: ఇంట్లోనే హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ చేసుకుందామనుకుంటున్నాను. ఏ ఐసీ వేస్తే సౌండ్ బాగుంటుంది?

ఏదైనా ఒకటే. అలా అంటే కొట్టడానికొస్తారు కాబట్టి ఓపీఏ2134 అనే ఆంప్లిఫైయర్ చిప్పు వేసుకోండి, గొడవ వదిలిపోతుంది. చవగ్గా దొరుకుతుంది కదా అని ఎన్‌ఈ5532 అనే ఇంకో చిప్పు మాత్రం అలాగే దూర్చకండి. దాని ఇన్‌పుట్ లాగే కొద్దిపాటి కరెంటే, నేను కింద చెప్పే డిజైన్‌లో ఇన్‌పుట్ దగ్గరుండే 100కే (లక్ష ఓమ్‌ల) రెసిస్టర్ మీద పడి, గెయిన్ వల్ల, అంటే ఆంప్లిఫైయర్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో దాని వల్ల, 11 రెట్లయ్యి, అవుట్‌పుట్‌లో 0.2 వోల్టు డీసీగా కూర్చుంటుంది, అది హెడ్‌ఫోన్‌కి మంచిది కాదు. ఇది తప్ప ఐసీలు మార్చి మార్చి వినేవాళ్ల కబుర్లు నేను నమ్మను. నా దృష్టిలో అదంతా భ్రమ. నాలుగు ఐసీలు కొన్న డబ్బుకు మంచి వాల్యూమ్ కంట్రోల్ ఒకటి వస్తుంది.

నేను చేసింది సీమాయ్. 1990ల చివర్లో చు మోయ్ అనే ఆయన నెట్‌లో పెట్టిన డిజైన్, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. అమెరికా వాళ్లు దాన్ని ఆల్టాయిడ్స్ పిప్పరమెంటు డబ్బాలో బిగించి మురిసిపోతుంటారు. నాకు దొరికింది మా అక్క కూతురి జామెట్రీ బాక్సు. రేకు పల్చన, మేకు పెట్టి ఒక్కటిస్తే చిల్లు పడుతుంది. బోర్డు అడుగు రేకుకు తగలకుండా కింద శుభలేఖ ఒకటి కత్తిరించి పరిచాను. అంత మందం అట్ట మన ఇళ్లలో ఊరికే దొరికేది అదొక్కటే.

రెండు వారాలు బ్రహ్మాండంగా పాడింది. అక్కడితో ఆగితే బాగుండేది. బ్యాటరీలు కొనలేక, అటక మీదున్న 9 వోల్టుల అడాప్టర్ వాడదామని ఇంకో చిల్లు పొడిచి, ఇనుప సాకెట్ బిగించాను. ఆన్ చేస్తే జలుబు చేసిన మనిషి అరిచినట్టు గరగర. ఐసీ పోయిందనుకుని కొత్తది పెట్టా. అదే గరగర. అతుకులన్నీ మళ్లీ కరిగించా. అదే. ఇంట్లో పొగ వాసనకి మా అక్క రెండుసార్లు వచ్చి చూసి పోయింది.

రాత్రి పదకొండింటికి గానీ మల్టీమీటర్ తీయాలని తోచలేదు. ఇందులో రెండు 4.7కే రెసిస్టర్లు 9 వోల్టుల్ని సగానికి చీలుస్తాయి, ఆ నడిమి పాయింటే గ్రౌండ్. దానికి అటు 4.5, ఇటు 4.5 రావాలి. నాకు ప్లస్ వైపు 9, మైనస్ వైపు సున్నా. అడాప్టర్ సాకెట్ నట్టు విప్పి డబ్బాలోంచి బయటికి లాగా. 4.5, 4.5! మళ్లీ బిగించా, సున్నా. విప్పా, బిగించా, పిచ్చివాడిలా నాలుగైదుసార్లు. హెడ్‌ఫోన్ జాక్ ఒళ్లు నడిమి పాయింటుకు కలిసి ఉంది, అడాప్టర్ సాకెట్ ఒళ్లు మైనస్‌కు కలిసి ఉంది, రెండూ ఒకే రేకును పట్టుకుని ఉన్నాయి. అంటే డబ్బాయే వైరన్నమాట. మర్నాడు వీధి చివర సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి, వాషర్లు కోసి, చిల్లు కాస్త పెద్దది చేసి ఆ రబ్బరు మధ్య సాకెట్‌ను కూర్చోబెట్టా. ఇప్పటికీ అదే ఉంది.

ఇక గెయిన్. అసలు డిజైన్‌లో 10కే, 1కే రెసిస్టర్లుంటాయి, గెయిన్ 1 + 10/1, అంటే 11. మామూలు 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి అది చీమను చంపడానికి రోకలి తెచ్చినట్టు. నాబ్ కాస్త కదిపితే చెవులు పగులుతాయి. అందుకని ఎప్పుడూ అట్టడుగునే తిప్పి వింటాం, డబుల్ పాట్‌లో, అంటే రెండు చెవులకూ ఒకే నాబ్ ఉన్న వాల్యూమ్ కంట్రోల్‌లో, రెండు సగాలూ సరిగ్గా కలవని చోటు కూడా అదే. నాకిది పాత ఘంటసాల పద్యాలతో బయటపడింది. అవి మోనో రికార్డులు, రెండు చెవులకీ ఒకే సౌండు, కాబట్టి గొంతు తల నడిమధ్యన వినిపించాలి. నా దాంట్లో ఆయన ఎడమ చెవి పక్కన నిలబడి పాడుతున్నాడు! 4.7కే రెసిస్టర్లు పది కొంటే రెండే వాడాను కాబట్టి, మిగిలినవాటిలోంచి రెండు తీసి ఆ 1కేల స్థానంలో వేశా. 1 + 10/4.7, గెయిన్ సుమారు 3.1. నాబ్ సగం దాకా తిరుగుతోంది, ఘంటసాల మధ్యకొచ్చాడు, పాట లేనప్పుడు వచ్చే ఆ 'స్‌స్‌' కూడా తగ్గింది. ఖర్చు సున్నా.

పాట్ అంటే గుర్తొచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో లాగ్ పాట్ (చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు సౌండు పెంచేది) అడిగితే ఒక షాపులో 'రెండూ సేమే సార్' అని బీ10కే చేతిలో పెట్టారు. సేమ్ కాదు. వెనక ఏ అని ఉంటే లాగ్, ఆడియోకి పనికొచ్చేది, బీ అంటే లీనియర్, తిప్పినంత మేర సమానంగా పెరిగేది. కౌంటర్ దగ్గరే తిప్పి చూసుకోండి, తర్వాత వెళ్తే మార్చరు.

పూర్తయ్యాక హెడ్‌ఫోన్ పెట్టకుండా అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 20 మిల్లీవోల్టుల లోపుంటే భయం లేదు. మొదటిసారి వినడానికి పాత ఇయర్‌ఫోన్సే పెట్టండి. ఆ గరగర రోజున నేను మంచివి పెట్టుకుని కూర్చున్నా, కుడివైపుది పోయింది. అక్క కూతురు మాత్రం "మామయ్యా, నా బాక్సు ఎప్పుడిస్తావ్?" అని ఇంకా అడుగుతూనే ఉంది.