అల్లుడూ, ఎక్స్ఎల్ ఇంజిన్ కొనేముందు ఒక్కమాట

అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. మనం ఆడే రోబో యుద్ధాల బోర్డు గేమ్ బ్యాటిల్‌టెక్ క్యాంపెయిన్‌లో డబ్బులు చేతికొచ్చాయంట, పాత ఆసమ్ మెక్ (అంటే రోబో) 8క్యూ మోడల్ అమ్మేసి 9ఎమ్ మోడల్ తీసుకుంటా అంటున్నావ్. ఆగరా బాబూ, బేరం కుదుర్చుకోకముందే ఇది చదువు.

రెండూ 80 టన్నుల మెక్కులే. 8క్యూలో 240 రేటింగ్ (ఇంజిన్ బలం) స్టాండర్డ్ ఇంజిన్ పదకొండున్నర టన్నులు, 9ఎమ్‌లో 320 ఎక్స్ఎల్ (తేలికరకం ఇంజిన్), అదీ పదకొండున్నరే. బరువు పెరక్కుండానే నడక 3 హెక్సుల (బోర్డు మీద ఆరుపలకల గళ్ళు) నుంచి 4కి వచ్చేసింది, చూడ్డానికి ఊరికే వచ్చినట్టు ఉంటది కానీ బిల్లు వేరే చోట పడుద్ది. డబ్బు సంగతి చూస్తే ఇంజిన్ ఒక్కటే 12.8 లక్షల సీ-బిల్స్ (ఆటలో డబ్బు) ఉండేది కాస్తా 68 లక్షలు దాటుద్ది. అది పోనీలే అనుకో, అసలు భయం ఏంటంటే ఎక్స్ఎల్ బరువు తగ్గించుకున్నా ఒళ్ళు పెంచుకుంది, రెండు సైడ్ టోర్సోల్లోనూ (ఛాతీకి రెండు పక్కలా) మూడేసి స్లాట్లు (సామాను పెట్టే గళ్ళు) తింటది, ఇంజిన్‌కి మూడు హిట్లు పడితే మెక్ ఔట్, కాబట్టి ఒక్క పక్క టోర్సో ఎగిరిపోయిందా ఆ మూడూ ఒకేసారి పోయి అక్కడికక్కడే కూలబడుద్ది. అదే 8క్యూ అయితే ఎడమ పక్క మొత్తం చెయ్యితో సహా ఊడినా మూడు పీపీసీ తుపాకుల్లో కుడి పక్క ఉన్న రెండింటితో కాలుస్తూనే ఉంటది.

నాకూ అయింది లే. కొత్తలో మోజుపడి ఎక్స్ఎల్ మెక్ దింపా, గంటలోపే ఎడమ టోర్సో పోయింది, దెబ్బలు గుర్తుపెట్టే షీట్‌లో కుడి పక్క ఒక్క గడి కూడా కొట్టెయ్యలేదు, ఇక ఆ సాయంత్రమంతా మిగతావాళ్ళకి టీలు అందించడమే నా పని. ఆటలో క్లాన్ అనే పక్షం వాళ్ళ ఎక్స్ఎల్ పక్కకి రెండు స్లాట్లే, అందుకే వాళ్ళు ఒక పక్క పోయినా బతుకుతారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు మనం చెయ్యకూడదు.

ఇక 9ఎమ్ మీదుండే ఈఆర్ పీపీసీ, అంటే ఎక్కువ దూరం కొట్టే పీపీసీ. రేంజ్ 18 హెక్సుల నుంచి 23కి పెరుగుద్ది, మరీ దగ్గరికొచ్చినోడిని కొట్టడానికి ఇబ్బంది ఉండదు, నిజమే. కానీ దెబ్బ అదే 10, వేడి మాత్రం 10 నుంచి 15. మూడూ కాలిస్తే 45, నీ 9ఎమ్ చల్లార్చేది 40. 8క్యూకి 30 వేడి పుడితే 28 చల్లారుద్ది. ఏది ఎక్కువసేపు నిలబడి కాలుస్తదో నువ్వే చూసుకో.

కొత్త సరుకు వద్దే వద్దు అనట్లేదురా, డబుల్ హీట్ సింకులు (ఒక్కోటి రెండింతల వేడి చల్లార్చేవి) కొను, అంతే. 8క్యూలో 28 సింగిల్స్ పీకేసి (రెండు రకాలు కలపడానికి రూల్ ఒప్పుకోదు) 15 డబుల్స్ పెడితే 30 చల్లారుద్ది, ఇంజిన్‌లో ఇమడని వాటికి స్లాట్లు 19 బదులు 18 చాలు, పైగా 13 టన్నులు మిగులు! ఎండో స్టీల్ (తేలికరకం లోపలి గూడు) అయితే ఇంకో 4 టన్నులు మిగులుస్తది గానీ 14 స్లాట్లు అడుగుద్ది, ఎముకల గూడే మార్చాలి కాబట్టి ఫ్యాక్టరీకి పంపాలి, దాని జోలికి పోకు. ఎక్స్ఎల్ మోజు తీరకపోతే దెబ్బ తగలకుండా పరిగెత్తే స్కౌట్ మెక్‌కి పెట్టుకో.

ఆదివారం షీట్ పట్టుకురా. ఆ 13 టన్నుల్లో నాలుగో పీపీసీ పెడతానంటావ్ నాకు తెలుసు, అప్పుడు డబుల్స్ 20 కావాలి, స్లాట్లు సరిపోతాయో లేదో పెన్సిల్‌తో లెక్కేసుకుని రా.

మీ మావయ్య