నగరానికి ఆర్డినెన్స్ ఏమిటి?

సందేహం: ‘కూలీల విరామంపై డల్లాస్ నగర ఆర్డినెన్సును టెక్సాస్ రాష్ట్రం రద్దు చేసింది’ అని ఒక వార్తలో చదివాను. ఆర్డినెన్స్ జారీ చేసేది గవర్నర్ కదా, నగరం ఎలా చేస్తుంది? ‘రద్దు’ అయినా సరైన మాటేనా?

సమాధానం: మీ అనుమానం సబబే. మనకు ఆర్డినెన్స్ అంటే సభ సమావేశాలు లేనప్పుడు గవర్నరో రాష్ట్రపతో జారీ చేసే తాత్కాలిక శాసనం. సభ మళ్లీ కొలువుదీరాక ఆరు వారాల్లో ఆమోదం దొరక్కపోతే దాని పని అయిపోయినట్టే. అమెరికాలో అదే మాటకు నగర కౌన్సిల్ ఓటు వేసి చేసిన చట్టం అని అర్థం, అందులో తాత్కాలికం ఏమీ లేదు. ‘నగర చట్టం’ అనుంటే ఈ చిక్కే రాదు. మన దగ్గర కనీస వేతనాలు ఖరారు చేసేది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే. ఏ మునిసిపాలిటీ అయినా కూలి రేటు పెంచిందని విన్నామా? అందుకే మనకు ‘నగర చట్టం’ లాంటి మాటలతో అవసరం పడలేదు.

ఇక ‘రద్దు’. పరీక్ష రద్దు, రైలు రద్దు, జీవో రద్దు... ఫలానాదని వేలుపెట్టి చూపితేనే ఆ మాట అతుకుతుంది. ఆస్టిన్ 2010లో, డల్లాస్ 2015లో భవన నిర్మాణ కూలీలకు ప్రతి నాలుగు గంటలకు 10 నిమిషాల విరామం ఇవ్వాలని చట్టం చేశాయి. 2023 నాటి టెక్సాస్ చట్టం ఈ నగరాల పేరెత్తలేదు. ప్రైవేటు ఉద్యోగుల సెలవులు, నియామకాలు, విరామాలు, పని వేళల విషయంలో, రాష్ట్రం స్పష్టంగా అనుమతిస్తే తప్ప, నగరాలు కేంద్ర, రాష్ట్ర చట్టాలను మించిన నియమాలు పెట్టకూడదంది. పెట్టినా చెల్లవంది.

కాబట్టి ఇక్కడ కావలసిన మాట ‘చెల్లదు’. చెల్లని కాసు చేతిలోనే ఉంటుంది, దుకాణంలో మారదు. ఈ నగర చట్టాల గతీ అదే. ‘నిషేధం’ ఇంకా ప్రమాదం. ‘విరామంపై నిషేధం’ అంటే కూలీ ఆగి మంచినీళ్లు తాగడమే నేరమనిపిస్తుంది. మేస్త్రీ ఇవ్వదలిస్తే ఎవరూ అడ్డురారు. ఇచ్చి తీరాలని శాసించే హక్కే నగరానికి పోయింది.

వేతనాల విషయంలోనూ ఇంతే. సెయింట్ లూయిస్‌లో నగర చట్టంతో 2017లో గంటకు 10 డాలర్లయిన కనీస వేతనం, మిస్సోరి రాష్ట్ర చట్టంతో ఆగస్టు 28 నుంచి 7.70కి దిగింది. దీన్ని ‘కనీస వేతనం రద్దు’ అని రాస్తే అసలుకే మోసం!

‘కొట్టేయడం’ మాత్రం కోర్టులకే వదిలేద్దాం. మీరు చదివిన వార్తను నేనైతే ఇలా రాస్తాను: ‘కూలీల విరామంపై డల్లాస్ వంటి నగరాలు చేసిన చట్టాలు ఇక చెల్లవంటూ టెక్సాస్ శాసనసభ చట్టం చేసింది.’