ఓటు హక్కు లేదు, ఇల్లుంది: స్కూల్ బడ్జెట్ మీటింగ్‌కి వెళ్లి మాట్లాడితే వింటారా?

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీలో కొత్తగా ఇల్లు కొన్నారు, హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నారు, పాప రెండో తరగతి. ఊళ్లోని ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఈసారి ప్రాపర్టీ టాక్స్‌లో (ఇంటి పన్నులో) తన వాటా బాగా పెంచుతానంటోంది. వాట్సాప్ గ్రూపులో సగం మంది పిల్లల చదువు కోసమే కదా అంటున్నారు, మిగతా సగం దోపిడీ అంటున్నారు. ఓటు లేని మనం వెళ్లి ఏం సాధిస్తాం?

వెళ్లండి. కాకపోతే అందరూ వెళ్లే రోజు కంటే ముందే వెళ్లండి. నేను మిడిల్‌సెక్స్ కౌంటీలో ఇల్లు కొని పదేళ్లు దాటింది. గ్రీన్‌కార్డు రాకముందు నుంచే ఈ మీటింగులకు వెళ్తున్నాను. మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. పేరు, ఊరు చెప్పి మైకు ముందు నిలబడితే మీకూ అందరికిచ్చినంత టైమే ఇస్తారు, మా దగ్గరైతే మూడు నిమిషాలు. ఇక్కడి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం స్కూల్ బోర్డు మీటింగులో జనం మాట్లాడటానికి సమయం కేటాయించి తీరాలి.

ముందు ఆ శాతం సంగతి చూడండి. గ్రూపులో తిరిగే అంకె మొత్తం బడ్జెట్ పెరుగుదలా, టాక్స్ లెవీ పెరుగుదలా? బడ్జెట్‌లో రాష్ట్రం ఇచ్చే సాయం, ఫెడరల్ డబ్బు కూడా ఉంటాయి. లెవీ అంటే ఊళ్లోని ఇళ్ల నుంచీ వ్యాపారాల నుంచీ వసూలు చేసే భాగం. మీ జేబుకు తగిలేది అదే. పైగా మీ బిల్లు మొత్తం స్కూలుకే వెళ్లదు. రాష్ట్రం మొత్తమ్మీద చూస్తే సగం కంటే కాస్త ఎక్కువ స్కూళ్లకు, మిగతాది టౌన్‌షిప్‌కీ కౌంటీకీ పోతుంది. ఉదాహరణకు మీ బిల్లు 12,000 డాలర్లు, అందులో స్కూలు వాటా 6,500 అనుకుందాం. లెవీ 4 శాతం పెరిగితే మీ మీద పడేది ఏడాదికి సుమారు 260. దాన్నే 12,000 మీద లెక్కగట్టి 480 అని గ్రూపులో పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఒకరు తేలతారు. ఊళ్లో రీవాల్యుయేషన్, అంటే ఇళ్ల విలువలు మళ్లీ లెక్కగట్టడం, జరిగిన ఏడాదైతే ఈ లెక్క కూడా పనికిరాదు, పక్కపక్క ఇళ్లకే తేడా వస్తుంది.

న్యూజెర్సీలో లెవీ ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదని 2010లో చట్టం చేశారు. మరి 4, 5 ఎలా వస్తున్నాయని మీకు అనుమానం రావచ్చు. ఉద్యోగుల ఆరోగ్య బీమా ఖర్చు మరీ పెరిగినా, పిల్లల సంఖ్య పెరిగినా ఆ గీత దాటడానికి వెసులుబాటు ఉంది. గత ఏళ్లలో వాడుకోకుండా మిగిల్చిన పరిమితిని దాచుకుని తర్వాత వాడుకోవచ్చు. భవనాల కోసం తెచ్చిన అప్పు దీని బయట ఉంటుంది. 2018లో వచ్చిన చట్టంతో చాలా డిస్ట్రిక్టులకు రాష్ట్ర సాయం ఏటేటా తగ్గుతూ పోయింది. అలా దెబ్బతిన్న వాటికి 2024లో ప్రత్యేకంగా 9.9 శాతం వరకూ పెంచుకునే అవకాశం కూడా ఇచ్చారు. అందుకే మీటింగులో 'ఎందుకు పెంచారు' అని అడిగితే పెద్ద ఉపన్యాసం వస్తుంది. 'గీత దాటిన మొత్తంలో బీమాకెంత, దాచుకున్న పరిమితిలోంచి వాడింది ఎంత' అని అడిగితే సమాధానంగా అంకెలొస్తాయి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఒకప్పుడు ఏప్రిల్‌లో బడ్జెట్ మీద జనం ఓటేసేవారు. 2012 నుంచి బోర్డు సభ్యుల ఎన్నికను నవంబరుకు మార్చుకున్న డిస్ట్రిక్టుల్లో, అంటే దాదాపు అన్నింట్లో, చట్టం ఒప్పుకునే పరిమితి లోపలి బడ్జెట్ మీద ఓటింగే లేదు. బోర్డు సభ్యులు ఓటేస్తే అయిపోతుంది. కాబట్టి ఓటు లేదని మీరు బాధపడుతున్న ఈ ఒక్క విషయంలో సిటిజన్లకూ నేరుగా ఓటు లేదు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా బోర్డు సభ్యుల్ని ఎన్నుకోవడం. అదేం చిన్న విషయం కాదు, దాని గురించి కింద చెప్తాను.

ఇక టైము. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో గవర్నర్ బడ్జెట్ ప్రసంగం అవుతుంది. ఆ వెంటనే ఏ డిస్ట్రిక్టుకు ఎంత సాయమో బయటికొస్తుంది. మార్చిలో బోర్డు ముసాయిదా ఆమోదించి కౌంటీ ఆఫీసుకు పంపుతుంది. బహిరంగ విచారణ ఏప్రిల్ చివర్లోనో మే మొదటి వారంలోనో పెడతారు. మనవాళ్లు కట్టకట్టుకుని వెళ్లేది ఆ చివరి రోజుకే. అప్పటికి లెవీ అంకె పత్రికలో ప్రకటించేసి ఉంటారు. అటూ ఇటూ కొన్ని పద్దులు జరపడం తప్ప పెద్దగా మార్చరు. ఫిబ్రవరి, మార్చి మీటింగుల్లో హాలు ఖాళీగా ఉంటుంది. ఫైనాన్స్ కమిటీ నివేదిక చదువుతారు, మీ ప్రశ్నకు సూపరింటెండెంటే లేచి సమాధానం చెప్తారు. నా అనుభవంలో ఏదైనా కదిలిందంటే అప్పుడే కదిలింది.

మా దగ్గర ఒక ఏడాది కర్టసీ బస్సులు తీసేస్తామన్నారు. చట్టం ప్రకారం ఎలిమెంటరీ పిల్లలకు ఇల్లు రెండు మైళ్ల కంటే దూరం ఉంటేనే బస్సు ఇవ్వాలి, హైస్కూలుకు రెండున్నర మైళ్లు. అంతకంటే దగ్గర ఉన్నవాళ్లకు ఇచ్చేది డిస్ట్రిక్టు దయ. డబ్బు తగ్గితే మొదటి వేటు దానిమీదే. మా డెవలప్‌మెంట్ నుంచి స్కూలుకి వెళ్లాలంటే ఫుట్‌పాత్ లేని రోడ్డు దాటాలి. టాక్స్ తగ్గించమని అరిచిన తల్లిదండ్రులే పై వారం బస్సు కావాలని పిటిషన్ పెట్టారు! మేము కొందరం మార్చి మీటింగుకు ఆ రోడ్డు ఫొటోలు, ఏ వీధిలో ఎంతమంది పిల్లలున్నారో రాసిన కాగితం పట్టుకెళ్లాం. అన్ని రూట్లూ కాకపోయినా ప్రమాదకరమైన రోడ్డున్నవి మిగిలాయి. మిగతావాళ్లు డబ్బు కట్టి బస్సెక్కే పద్ధతికి మారారు.

ఆ ఏడాదే చివరి విచారణలో ఒక పెద్దాయన లేచారు, పోస్టాఫీసులో రిటైరైన మనిషి. పిల్లలు చదువు ముగించి ఎప్పుడో వెళ్లిపోయారట, పెన్షన్‌లో ఎంత భాగం ప్రాపర్టీ టాక్స్‌కి పోతోందో చెప్పారు. నా వెనక వరసలో తెలుగులో గొణుగుడు, 'ఈయనకి స్కూలుతో పనేంటి' అని. నాకు అది నచ్చలేదు. మనం ఇక్కడ ఇల్లు కొన్నదే స్కూలు రేటింగు చూసి. ఆ రేటింగు వెనక ముప్పై ఏళ్లుగా ఆయన కట్టిన డబ్బుంది. ఆయన నవంబరులో తప్పకుండా ఓటేస్తారు కూడా. సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్లలో బోర్డు ఎన్నిక దాకా బ్యాలెట్ కిందికి చూసేవాళ్లు ఎందరో మీకే తెలుసు. హాల్లో మన సంఖ్య చూసి బోర్డు భయపడదు, ఓటేసేవాళ్లెవరో దానికి తెలుసు.

మనకు ఇదంతా కొత్తగా ఉండటంలో వింత లేదు. ఇండియాలో మన ఊళ్లో ఇంటి పన్నుతో గ్రంథాలయ సెస్సు కట్టాం గానీ, ప్రభుత్వ బడి టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వచ్చేది. బడి ఖర్చు గురించి వీధివాళ్లంతా కూర్చుని తగువులాడే అలవాటు లేదు.

మీరు చేయాల్సింది: డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో 'యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్' అని పెడతారు, అది చట్టప్రకారం పెట్టాల్సిందే. జీతాలు, బీమా ఎలాగూ పెద్ద భాగం. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బయటి స్కూళ్లకు కట్టే ఫీజులు, బస్సులు, మిగులు నిధి, ఈ మూడూ గత ఏడాదితో పోల్చి చూడండి. మిగులు నిధిని ప్రతి ఏడాదీ ఖాళీ చేసి నెట్టుకొస్తుంటే వచ్చే ఏడాది ఇంతకంటే పెద్ద దెబ్బ ఉంటుందని అర్థం.

పెరిగిన టాక్స్ ఆగస్టు బిల్లులో కనిపిస్తుంది. మీరు ఎస్క్రోలో, అంటే ఇంటి లోను వాయిదాతో కలిపి బ్యాంకు ద్వారా, కడుతుంటే ఆ తర్వాతెప్పుడో బ్యాంకు నుంచి షార్టేజ్ (కట్టింది చాలలేదు) అని ఉత్తరం వస్తుంది, అప్పుడు టెన్షన్ పడకండి. ప్రాపర్టీ టాక్స్ భారం తగ్గించడానికి రాష్ట్రం ఇచ్చే యాంకర్ రిబేటుకు అప్లై చేయడం మాత్రం మర్చిపోకండి. ఆదాయం 1,50,000 డాలర్ల లోపైతే 1,500, ఆపైన 2,50,000 వరకూ 1,000 ఇస్తూ వచ్చారు. ఇద్దరూ ఐటీలో ఉంటే ఆ గీత దాటిపోయి ఉంటారేమో, ఒకసారి చూసుకోండి.