అరటి గెలల పాట, నోట్ల సంచి

ప్రశ్న: మా అబ్బాయి బడి వార్షికోత్సవంలో పిల్లలు 'డే-ఓ' అనే హుషారు పాటకు గంతులు వేశారు. అది పాడిన హ్యారీ బెలఫాంటే పెద్ద ఉద్యమకారుడని మాస్టారు చెప్పారు. ఇలాంటి సరదా పాటల మనిషికి ఉద్యమంతో ఏం పని? ఆయన ఇప్పుడు ఉన్నారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: సరదా పాటేనని నేనూ చాలా ఏళ్లు అనుకున్నానమ్మా. కేసెట్టు అరిగేదాకా విన్నాను గానీ మాటలు పట్టించుకోలేదు. రాత్రంతా ఓడలోకి అరటి గెలలు మోసిన జమైకా కూలీలు, తెల్లవారేసరికి లెక్కల గుమాస్తాను బతిమాలుకునే పాట అది. ఆయన గెలలు లెక్కపెడితేగాని వాళ్లకు ఇంటిదారి లేదు.

బెలఫాంటే 1927లో న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టారు. తల్లి జమైకా మనిషి, ఇళ్లలో పని చేసేది. చిన్నతనంలో కొన్నేళ్లు ఆయన జమైకాలోనే పెరిగారు. హైస్కూలు చదువు పూర్తికాలేదు. నౌకాదళంలో చేరి తిరిగొచ్చాక ఒక భవనంలో చిన్నాచితకా మరమ్మతులు చేస్తుంటే, అక్కడ అద్దెకున్న ఒకావిడ నాటకం టికెట్లు ఇచ్చింది. ఆ టికెట్లే ఆయన్ను రంగస్థలం వైపు లాగాయి. 1956లో వచ్చిన 'కాలిప్సో' ఆల్బమ్ అమెరికాలో 31 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

పేరు వచ్చాక ఊరికే కూర్చోలేదు. అమెరికాలో నల్లజాతివారి సమాన హక్కుల కోసం ఉద్యమం నడిపిన మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆప్తుడయ్యారు. 1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఆ ఉద్యమంలో అరెస్టయిన వారి బెయిలుకు డబ్బు సమకూర్చారు. నాకు మరీ నచ్చేది మరుసటి ఏడాది సంగతి. దక్షిణాది రాష్ట్రమైన మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయిస్తున్న యువకుల చేతిలో పైసా లేదు. బెలఫాంటే 70 వేల డాలర్లు పోగుచేసి, నోట్లన్నీ సంచిలో కుక్కి, నటుడు సిడ్నీ పోయిటియర్‌ను వెంటబెట్టుకుని అక్కడి గ్రీన్‌వుడ్ ఊళ్లో దిగారు. రాత్రివేళ, చీకటి దారి. నల్లజాతివారిపై దాడులు చేసే తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్ల బండి వెనక నుంచి వచ్చి వీళ్ల కారును గుద్దుతోంది. అయినా కారు నడిపే కుర్రాడు వేగం పెంచడు! పెంచితే పోలీసులు ఆపుతారు, వాళ్ల చేతిలో పడితే మరీ ప్రమాదం. అప్పటి మిసిసిపీ అలాంటిది. డబ్బు మాత్రం భద్రంగా చేరింది.

అన్నట్టు, మీ అబ్బాయి గంతులు వేసిన ఆ బాణీకే 1961లో ఫ్రీడమ్ రైడర్లు, అంటే బస్సుల్లో జాతి వివక్షను ధిక్కరిస్తూ ప్రయాణించిన ఉద్యమకారులు, స్వేచ్ఛ గురించి తమ మాటలు కట్టుకుని పాడుకున్నారు.

ఆయన 2023 ఏప్రిల్ 25న న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. అప్పటికి 96 ఏళ్లు.